పంది ఫైలు ఎంతదాకా వచ్చింది?

అడవి పందిని ఎప్పుడు కాల్చవచ్చో, ఎవరు కాల్చవచ్చో, కాల్చాక దాన్ని ఏం చేయాలో నిర్ణయించే పై అధికారి గారికి, కవ్వాల్ అడవి అంచున మక్క వేసుకుని బతికే ఒక రైతు నమస్కరించి రాసుకునే బహిరంగ లేఖ.

విషయం: రాత్రిపూట అడవి పందుల వేట, ఎర, అనుమతి వగైరాలపై సందేహాలు తీర్చమని, వీలైతే కోతకు ముందే తీర్చమని ప్రార్థన.

అయ్యా,

తమరు క్షేమమని తలుస్తాను. ఇక్కడ పందులు క్షేమం. కట్టిన నాలుగు నెలల లోపే ఈనుతున్నాయి. ఈతకు నాలుగు నుంచి ఆరు పిల్లలు. దరఖాస్తు ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి జరగడానికి అంతకంటే ఎక్కువ కాలమే పడుతుంది కాబట్టి, ఈ ఉత్తరం మొదలుపెట్టిన రోజున కడుపుతో ఉన్న పంది, తమ జవాబు వచ్చేసరికి పిల్లల్ని వెంటేసుకుని నా చేలో దిగుతుందని లెక్క.

మొదటి సందేహం చట్టం గురించి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని మా ఊరి డిగ్రీ పిల్లగాడితో చదివించుకున్నాను. వేట అంటే చంపడం ఒక్కటే కాదట. ఉచ్చు పెట్టడం, పట్టుకోవడం, తరమడం, ఎర వేయడం, వీటిలో దేనికి ప్రయత్నించినా వేట కిందికే వస్తుందట. అడవి పందికి చూపు అంతంతమాత్రం, ముక్కు మాత్రం మహా గట్టిది. కంకి పాలు పోసుకునే రోజుల్లో అడవి పక్కన మూడెకరాల మక్క నిలబెట్టినవాడు మూడెకరాల ఎర పరిచినట్టే కదా! ఆపైన రాత్రంతా మంచె మీద కూర్చుని డబ్బా కొట్టి, టార్చి కొట్టి, టపాసులు కాల్చి తరుముతున్నాడు కూడా. ఈ లెక్కన విత్తనం వేసిన రోజు నుంచే నేను వేటగాడినా? అవునంటే రాతపూర్వకంగా చెప్పండి. రైతు భరోసా వదులుకుని, వేటగాళ్లకు ఏదైనా పథకం ఉంటే అందులో చేరతాను.

రెండో సందేహం పరాయి దేశం గురించి. మా చిన్నాయన కొడుకు టెక్సాస్‌లో డాలస్ దగ్గర ఉంటాడు. అక్కడి పంది వేట వీడియోలు పంపుతుంటాడు. అక్కడ ఎర వేయడంలో దాపరికం లేదు. మూడు కాళ్ల మీద డ్రమ్ము నిలబెట్టి, టైమర్ పెట్టి, రోజూ ఒకే వేళకు మక్కలు చిమ్మేలా చేస్తారు. పందులు ఆ వేళకు అలవాటు పడతాయి. చీకట్లో ఒంటి వేడిని బట్టి జంతువును చూపించే అద్దం బిగించిన తుపాకీతో ఒకడు దూరంగా కాచుకుంటాడు. ఈ సరదాకు డబ్బు కట్టి మరీ వచ్చేవాళ్లున్నారు. 2011లో హెలికాప్టర్ నుంచి కాల్చడానికీ చట్టం దారి ఇచ్చింది. 2019 నుంచి భూమి యజమాని ఒప్పుకుంటే వేట లైసెన్సు కూడా అక్కర్లేదు. ఇంత చేసినా అక్కడ పందులు ఇంకా లక్షల్లోనే ఉన్నాయి. మనిషి మక్కలు చల్లి పందిని పిలిచే దేశం అది. ఇక్కడ పిలవకపోయినా వస్తుంది, మక్కలు మాత్రం నావే.

ఆ వీడియోలు చూసి మా పిల్లలు మనకు హెలికాప్టర్ ఎప్పుడొస్తుందని అడుగుతున్నారు. నాకు హెలికాప్టర్ వద్దు. అక్కడి పంది స్పెయిన్ వాళ్లు ఓడల్లో తెచ్చిన పెంపుడు పందుల సంతానం. తర్వాత వేట సరదాకు దించిన అడవి పందులతో కలిసింది. మా పందికి ఈ అడవే పుట్టిల్లు. కవ్వాల్‌ను 2012లో పులుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. పులి నిలవాలంటే దానికి తిండి ఉండాలి, ఆ తిండిలో పంది ఒకటి. కాబట్టి అడవిలో ఉన్న పందితో నాకు పేచీ లేదు. చేలో దిగినదాని సంగతే మాట్లాడుతున్నాను. అది తినేది కొంత, తొక్కేది కొండంత. ఒక కంకి కోసం పది కర్రలు పడగొడుతుంది, రెండు కొరుకులు కొరికి ఇంకో సాలులోకి పోతుంది.

ఇక అనుమతి సంగతి. చట్టంలో పంది మొదట మూడో షెడ్యూల్‌లో ఉండేది. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక రెండో షెడ్యూల్‌కు చేరింది. మా ఊళ్లో పదోన్నతి వచ్చినవాళ్లలో దరఖాస్తు పెట్టుకోనిది పంది ఒక్కటే. అయినా 11వ సెక్షన్ తలుపు మూయలేదు. మనిషి ప్రాణానికో, ఆస్తికో, నిలబడ్డ పంటకో ముప్పు తెచ్చే జంతువును కారణం రాసి కాల్చడానికి అనుమతి ఇవ్వవచ్చు. బీహార్ 2015లో, ఉత్తరాఖండ్ 2016లో కొన్ని జిల్లాలకు, కొంతకాలానికి, పందిని హానికర జంతువుగా ప్రకటింపజేసుకున్నాయి. మన దగ్గర ఇంకో మార్గం ఎంచుకున్నారు. అనుమతి ఇచ్చే అధికారం సర్పంచ్ చేతికి ఇచ్చారు, కాల్చేందుకు జాబితాలో ఉన్న షూటర్లు వస్తారన్నారు. ఊరి కష్టం ఊళ్లోనే తీరుతుందని సంతోషించాం.

అయితే 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల గడువు తీరింది. 2025 డిసెంబరులో ఎన్నికలయ్యే దాకా ప్రత్యేకాధికారులే పంచాయతీలు నడిపారు. ఒక్కో అధికారికి సొంత శాఖ పని, దాని మీద పంచాయతీల పని, దాని మీద మా పంది. పోనీ ఎన్నికలు వచ్చాయనుకోండి, కోడ్ వస్తుంది. కోడ్ వస్తే లైసెన్సు తుపాకులు పోలీస్ స్టేషన్‌కు చేరతాయి. అంటే కాల్చమని చెప్పే సర్పంచ్‌ను మేం ఎన్నుకుంటున్నప్పుడు, కాల్చే తుపాకీ ఠాణాలో నిద్రపోతుంటుంది. పంది మాత్రం కోడ్‌కు ముందూ తర్వాతా ఒకే తీరుగా ప్రచారం చేసుకుంటుంది.

అన్నీ కుదిరి ఒక పందిని కాల్చారే అనుకుందాం. 39వ సెక్షన్ ప్రకారం అది ప్రభుత్వ ఆస్తి. బతికున్నన్నాళ్లూ ఎవరిదీ కాదు, అందుకే నష్టానికి ఎవరూ బాధ్యులు కారు. చచ్చిన మరుక్షణం సర్కారుదవుతుంది. మాంసం అడగడం లేదు సార్. నా మక్కలన్నీ దాని కడుపులో ఉన్నప్పుడు కూడా ఆ ఆస్తిహక్కు ప్రభుత్వానిదే అయి ఉంటే బాగుండేదని మాత్రమే అంటున్నాను.

నేనేమీ చేతులు ముడుచుకు కూర్చోలేదని కూడా మనవి. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు చెప్పినవి చాలా చేశాం. మక్క చుట్టూ ఆముదం వరుసలు వేశాం. పల్లి చుట్టూ కుసుమ వేశాం. మంగలి షాపులో వెంట్రుకలు మూటకట్టి తెచ్చి గట్ల మీద చల్లాం. కోడిగుడ్ల ద్రావణం పిచికారీ చేశాం. మా ఆడవాళ్ల పాత చీరలన్నీ చేను చుట్టూ కంచెగా ఉన్నాయి. చిన్న మైకులో మా గొంతులు రికార్డు చేసి రాత్రంతా మోగిస్తున్నాం. ఇవి పనికిరావని అనను, కొన్నాళ్లు పనిచేస్తాయి. పంది మా గొంతులకు అలవాటుపడే దాకా. పైగా నా చేను వాసన నచ్చని పంది పస్తు పడుకోదు, పక్క చేనుకు పోతుంది. ఎవరి చేనుకు వారు కంచె కట్టుకుంటే, ఊళ్లో అందరికంటే బీదవాడి చేను వైపు పందిని తోలినట్టవుతుంది.

ఇప్పటిదాకా నవ్వుతూ రాశాను. ఇక్కడి నుంచి నవ్వు రాదు. తమ కాగితం తిరిగే రాత్రుల్లో ఊళ్లో వేట ఆగడం లేదు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటలూ ఉచిత కరెంటు ఉంది. బోరు మోటారు దగ్గర్నుంచి జీఐ తీగ లాగి, మోకాలెత్తున చేను చుట్టూ తిప్పితే చాలు. షూటర్ అక్కర్లేదు, సర్పంచ్ సంతకం అక్కర్లేదు, నిద్ర మేల్కోనక్కర్లేదు. ఆ తీగకు ఏది పందో, ఎవరు మనిషో తెలియదు. తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి వచ్చిన పక్క రైతు దాని మీదే పడతాడు. మేతకు పోయి దారి తప్పిన ఎద్దు పడుతుంది. ఈ అడవుల్లో పులులు కూడా అలాగే పోయాయి. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా అడవిలో కూంబింగ్‌కు వెళ్లిన గ్రేహౌండ్స్ జవాను ఒకరు జంతువులకని పెట్టిన కరెంటు తీగ తగిలి చనిపోయారు. ఇంకో రకం ఎర ఉంది. తినే ఉండలో పేలుడు మందు పెట్టి పంది దారిలో వదలడం. అది పంది కొరికితే పంది దవడ, ఆవు కొరికితే ఆవు దవడ పగులుతుంది. 2020లో కేరళ పాలక్కాడ్ జిల్లాలో పేలుడు మందు పెట్టిన పండు కొరికి కడుపుతో ఉన్న ఏనుగు నదిలో నిలబడి చనిపోతే దేశమంతా కన్నీరు పెట్టింది. ఆ పండు ఆ ఏనుగు కోసం పెట్టింది కాదు.

తీగ పెట్టినవాడిని నేను సమర్థించడం లేదు. జైలుకు పంపండి. కానీ వాడి పక్కన ఇంకో ముద్దాయిని కూడా నిలబెట్టాలి: సమయం దాటాక వచ్చే అనుమతి. మక్క పాలు పోసుకోవడం నుంచి గింజ గట్టిపడే దాకా ఉన్నది మూడు నాలుగు వారాలు. ఆ వారాలు దాటాక వచ్చిన అనుమతి నిషేధంతో సమానం. అనుమతి ఆలస్యమైతే వేట తగ్గదు, కళ్లున్న షూటర్ చేతిలోంచి కళ్లులేని తీగ చేతిలోకి మారుతుంది. తమరు కాపాడాలనుకున్న పులి, తమరు ఊహించని మా పక్కింటాయన, ఇద్దరూ ఆ తీగ మీదే పోతున్నారు.

కాబట్టి కోరికలు నాలుగే, అన్నీ చిన్నవే.

ఒకటి. అనుమతిని పంట నష్టం చూశాక కాదు, విత్తనాలప్పుడే ఇవ్వండి. అడవి అంచు ఊళ్లకు, ఆ నాలుగు వారాలకు, చేల వరకే. అడవి లోపలికి తుపాకీ పోకూడదు.

రెండు. మండలానికో శిక్షణ పొందిన బృందాన్ని పెట్టి కూలి కట్టించండి. రాత్రి వాళ్ల వెంట అటవీ సిబ్బంది ఒకరు ఉండాలి. చచ్చిన పంది లెక్క పంచాయతీ గోడ మీద రాయించండి. ప్రభుత్వ ఆస్తి కదా, జమాఖర్చు మాకూ తెలియాలి.

మూడు. కరెంటు తీగ తెచ్చి అప్పగించిన రైతు మీద కేసు పెట్టకుండా సోలార్ ఝట్కా మిషన్ ఇవ్వండి. అది వదిలి వదిలి కొట్టే దెబ్బ, పందిని బెదిరిస్తుంది గానీ చంపదు. ఒక్కో చేనుకు కాదు, ఊరి అడవి సరిహద్దు పొడవునా ఒకే కంచె కావాలి. ఆ తర్వాత కూడా తీగ పెట్టినవాడిని వదలకండి.

నాలుగు. అడవి జంతువుల వల్ల పోయిన పంటను 2026 వానాకాలం నుంచి ఫసల్ బీమా కింద చేర్చవచ్చని 2025 నవంబరులో కేంద్రం ప్రకటించింది. ఏ జంతువులు, ఏ జిల్లాలు అనేది రాష్ట్రం ప్రకటించాలి, రైతు 72 గంటల్లో యాప్‌లో ఫొటోలు పెట్టాలి. ఆ జాబితా రాసేటప్పుడు అడవి పందిని మరచిపోకుండా తమరు ఒక మాట వేయండి. 72 గంటల గడువు మాకు పెట్టినవాళ్లు, మా ఫొటో చూడటానికి తమకూ ఒక గడువు పెట్టుకుంటే ఇంకా మేలు.

ఇట్లు,
తమ విధేయుడు,
చట్టరీత్యా రైతో వేటగాడో తమరే తేల్చవలసినవాడు.

జతపరచినవి: పట్టాదారు పాసుపుస్తకం నకలు, ఆధార్ నకలు, సగం కొరికిన మక్క కంకి ఒకటి. కంకి మాత్రం అసలుదే, దానికి నకలు తీయడం జిరాక్స్ షాపువాడి వల్ల కాలేదు.