ల్యాప్‌టాప్ ఉండగా ఇదెందుకండీ?

బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర చెన్నై–కోల్‌కతా రహదారి, హైదరాబాదు నుంచి బందరు పోయే రహదారి ఒకదాన్నొకటి దాటుకుంటాయి. పైనుంచి పోయేవాళ్ల కోసం రెండు ఫ్లైఓవర్లు కట్టారు. ఊళ్లోవాళ్లు మాత్రం ఇప్పటికీ కిందే, ఎర్రలైటు దగ్గరే. ఆ కాసేపూ తలెత్తితే కనిపించేవి హోర్డింగులు: నగల కొట్టు, కార్పొరేట్ కాలేజీ ర్యాంకులు, వడ్డీ లేని ఈఎంఐలో ఎలక్ట్రానిక్స్. పటమట వైపు సందులో ఆఫీసున్న ఒక ట్యాక్స్ కన్సల్టెంటు గారికి మొదటిదంటే భయం, రెండోదంటే బెంగ (అమ్మాయి ఇంటర్ ఎంపీసీ), మూడోదంటే ఆశ. ట్యాబ్ మీద ఆయన మనసు పారేసుకున్నది ఆ ఎర్రలైటు పుణ్యమే.

ఆఫీసులో ల్యాప్‌టాప్ ఉంది. జేబులో ఆరున్నర అంగుళాల ఫోనుంది. ఇంట్లో ప్రతిపాదన పెట్టగానే సభ ఆర్డర్ తప్పింది.

"ల్యాప్‌టాప్ ఉందిగా, ఫోనుందిగా. మధ్యలో ఇదెందుకండీ?"

"మోసుకెళ్లడానికి తేలిక."

"ఎక్కడికి మోసుకెళ్తారు? ఆఫీసు నుంచి ఇంటికేగా!"

నిజానికి ఈ ప్రశ్న వాళ్లావిడ కంటే ముందు వేసింది ఆ సరుకు అమ్మినాయనే. 2010 జనవరి 27న శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదటి ఐప్యాడ్ చూపించబోతూ స్టీవ్ జాబ్స్ తెర మీద ఒక పక్క ఫోను, ఇంకో పక్క ల్యాప్‌టాప్ పెట్టి, మధ్యలో మూడోదానికి చోటుందా అని అడిగాడు. కొన్ని పనుల్లో ఆ రెండింటినీ మించితేనే దానికి బతుకు, లేకపోతే లేదన్నాడు. ఆ పనులేమిటో కూడా చదివాడు: నెట్ చూడటం, మెయిల్, ఫొటోలు, వీడియోలు, పాటలు, ఆటలు, ఈ-పుస్తకాలు. తర్వాత సోఫా కుర్చీలో వెనక్కి వాలి తనే వాడి చూపించాడు. అప్పటి ఐఫోన్ తెర మూడున్నర అంగుళాలు. దాని పక్కన 9.7 అంగుళాలంటే మహా వైభోగం.

ఆ తర్వాత ఫోను పెరగడం మొదలుపెట్టింది. మెయిలు, ఫొటో, పాట, ఆట, వీడియో ఒక్కొక్కటే మింగేసింది. జాబ్స్ జాబితాలో దాని గొంతుకు అడ్డం పడింది ఒక్కటే, పుస్తకం పేజీ. కన్సల్టెంటు గారికి ఈ సంగతి తెలిసిరావడానికి ఒక షోరూమూ, ఒక తోడల్లుడూ, ఒక మామగారూ కావాల్సి వచ్చారు.

ముందు షోరూము. బందరు రోడ్డు మీద ఏసీ గాలి తగిలేలోపే కుర్రాడొకడు ఎదురొచ్చాడు.

"సార్, కీబోర్డు తగిలించారంటే ఇదే ల్యాప్‌టాప్."

"ఉన్న ల్యాప్‌టాప్‌కి కీబోర్డు తగిలించే ఉంది కదా బాబూ," అన్నారు వెంట వచ్చిన ఆవిడ.

కుర్రాడి దగ్గర దానికి జవాబు లేదు, ధరల పట్టీ ఉంది. 2025లో వచ్చిన మామూలు ఐప్యాడ్ మన దేశంలో 34,900 రూపాయలతో మొదలైంది. రాసుకునే పెన్సిలు, ఉన్నవాటిలో చవకది, 7,900. కంపెనీ వారి కీబోర్డు 24,900. వెరసి 67,700. ట్యాక్స్ కన్సల్టెంటు కూడిక తప్పు చేయడు. ఇంత పోసి ల్యాప్‌టాప్ లాంటిది కొనే బదులు, అంతకంటే తక్కువలో ల్యాప్‌టాపే వస్తుంది.

పోనీ, తేలికన్నా మిగులుతుందా? 2020లో యాపిల్ 12.9 అంగుళాల ఐప్యాడ్ ప్రోకి ట్రాక్‌ప్యాడ్ ఉన్న మ్యాజిక్ కీబోర్డు తెచ్చింది. రెండూ కలిపి కాటా మీద పెడితే సుమారు 1.35 కిలోలు. అదే ఏడాది అదే కంపెనీ అమ్మిన మ్యాక్‌బుక్ ఎయిర్ ల్యాప్‌టాప్ 1.29 కిలోలు. 2012లో టిమ్ కుక్, ట్యాబ్‌నీ ల్యాప్‌టాప్‌నీ ఒకటి చేయడమంటే టోస్టర్‌నీ ఫ్రిజ్‌నీ ఒకటి చేయడమేనని వెక్కిరించాడు. ఎనిమిదేళ్లు తిరిగేసరికి ఆ కీబోర్డు అమ్మిన కంపెనీకి అధిపతి కూడా ఆయనే.

షోరూములో తేలని వ్యవహారం ఉయ్యూరులో తేలింది. అక్కడి తోడల్లుడు కరోనా రోజుల్లో పిల్లాడి ఆన్‌లైన్ క్లాసులకని ఒక పదిన్నర అంగుళాల ట్యాబ్ కొన్నాడు. బడులు తెరిచారు, ట్యాబ్ బీరువాలోకి వెళ్లింది. పట్టుచీరల కింద నుంచి తీసి ఛార్జింగ్ పెడితే చాలాసేపటికి గానీ కళ్లు తెరవలేదు.

"తీసుకెళ్లండన్నగారూ. కొన్నాళ్లు వాడి చూడండి. మా ఇంట్లో దీన్ని అడిగే నాథుడు లేడు."

ఉచితంగా వచ్చిన ట్యాబ్‌తో కన్సల్టెంటు గారు ఆఫీసులో ప్రవేశించారు. జీఎస్‌టీ రిటర్నుల్లో జీఎస్‌టీఆర్-1కి నెలలో 11వ తేదీ గడువు, 3బికి 20. ఈ రెండు తేదీల మధ్య ఊపిరి పీల్చుకునే మనిషికి మొదటి రోజే ఊపిరాడలేదు. లెక్కలన్నీ ఉన్న ట్యాలీ విండోస్‌లో నడుస్తుంది. జీఎస్‌టీ వారి ఆఫ్‌లైన్ టూల్ కూడా విండోస్ కోసం తయారైందే. క్లయింట్ల డిజిటల్ సిగ్నేచర్లు చిన్న యూఎస్‌బీ ముక్కల్లో ఉంటాయి. ఆ ముక్కను పలకరించే ప్రోగ్రాము కంప్యూటర్లోనే ఎక్కుతుంది. ట్యాబ్‌లో పోర్టల్ తెరుచుకుంది, ఓటీపీ వచ్చింది, రిటర్న్ స్టేటస్ కనిపించింది. ఆ మాత్రం ఫోనులోనూ కనిపిస్తుంది.

కింది అంతస్తు డీటీపీ సెంటర్ ఆయనది ఇంకా సూటి పరీక్ష. శుభలేఖ నుంచి కరపత్రం దాకా ఆయన పనంతా పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001 నాటిది. అయినా తెలుగు డీటీపీ సెంటర్లలో దానికి రిటైర్మెంట్ రాలేదు. ఆయన ట్యాబ్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో అను ఎక్కదు కదండీ," అని తిరిగి చేతిలో పెట్టేశాడు. కేసు కొట్టేసినట్టే.

అప్పీలు ఇంట్లో జరిగింది. కన్సల్టెంటు గారు విసుగెత్తి టీపాయ్ మీద పడేసిన ట్యాబ్‌ను అమ్మాయి ఎత్తుకుపోయింది. కాలేజీ మెటీరియల్ పీడీఎఫ్‌లుగా వాట్సాప్‌లో వస్తుంది. అది చదవాలంటే సందు చివర జిరాక్స్ షాపే గతి. అక్కడ సాయంత్రం ఆరు తర్వాత కౌంటర్ మీద మోచేయి ఆనించడానికి చోటుండదు. షాపాయన తలెత్తడు. "పంపావా? రెండు వైపులానా? స్పైరల్ వెయ్యాలా?" ఈ మూడు ప్రశ్నలే. జవాబులు చెప్పేలోపు మిషన్ కింద పళ్లెంలో వేడి వేడి కాగితాలు పేరుకుంటాయి. పేజీకి రూపాయి. అట్టకీ తీగకీ వేరే. వారం తిరక్కుండా ఆ కట్ట మంచం కిందకి, ఏడాది తిరిగేసరికి పాత పేపర్ల వాడి తక్కెడలోకి.

ఆ పూట అమ్మాయి షాపుకి వెళ్లలేదు. ఫిజిక్స్ పాత ప్రశ్నపత్రం తెరిచి, తోడల్లుడు కవర్‌తో పాటు కొన్న పెన్నుతో ఆ పేజీ మార్జిన్లోనే లెక్క చేసింది. తప్పొస్తే చెరిపేసి మళ్లీ చేసింది. రాయడానికి ల్యాప్‌టాప్ తెర ఒప్పుకోదు. ఫోనులో ఒక్క సమీకరణం పట్టాలన్నా వేళ్లతో లాగి లాగి పెద్దది చేయాలి.

మర్నాడు పామర్రు నుంచి మామగారు దిగారు. రిటైర్డ్ తెలుగు మాస్టారు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత తెలుగు పుస్తకాలు వేలల్లో స్కాన్ చేసి పెట్టి ఉన్నాయని ఆయనకెప్పుడో తెలుసు. ఇన్నాళ్లూ అల్లుడి ల్యాప్‌టాప్ ముందు మెడ చాచుకుని కూర్చుని చదవబోయి, నాలుగు పేజీలకే లేచిపోయేవారు. ఈసారి ట్యాబ్ పట్టుకుని వరండాలో పడక్కుర్చీ ఎక్కారు. భోజనానికి రెండుసార్లు పిలవాల్సి వచ్చింది.

ఇందులో మాయ లేదు, కొలత ఉంది. తెలుగు పుస్తకాలు ఎక్కువగా వచ్చే డెమ్మీ సైజు సుమారు ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర ఎత్తు. పదిన్నర అంగుళాల ట్యాబ్‌ను నిలువుగా పట్టుకుంటే తెర వెడల్పు 5.6, ఎత్తు 8.9. పేజీ ఉన్నదున్నట్టు సరిపోతుంది. పెద్ద తెర అనుకునే 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌కి ఎత్తు 7.7 అంగుళాల లోపే. డెమ్మీ పేజీ అసలు సైజులో దాని మీద పూర్తిగా ఇమడదు, కింది పేరా కోసం జరపాల్సిందే. ఆరున్నర అంగుళాల ఫోను వెడల్పు మూడంగుళాలు కూడా లేదు. మాస్టారికి ఈ లెక్కలు చెప్తే, "పుస్తకమంత ఉంది కాబట్టి పుస్తకంలా చదువుతున్నాను అల్లుడు గారూ, దీనికి లెక్కలెందుకు?" అన్నారు. పైగా జీబోర్డులో చేతిరాత పెట్టుకుని, వేలితో "కృష్ణాష్టమి" అని రాసి, అది అచ్చు అక్షరాలై రావడం చూసి, ఒత్తులు సరిగ్గా పడ్డాయా లేదా అని దిద్దారు కూడా. వేలిరాతను అచ్చక్షరాలు చేసే వసతిని గూగుల్ 2015లోనే 82 భాషలకు, తెలుగుతో సహా, ఇచ్చింది. పామర్రుకి ఇప్పుడు చేరింది.

అప్పటికి కన్సల్టెంటు గారికి బ్యాలెన్స్ షీట్ కుదిరింది. ట్యాబ్ పోటీ ల్యాప్‌టాప్‌తో కాదు, జిరాక్స్ షాపుతో. కాగితం పని చెప్పినచోట అది గెలిచింది. కంప్యూటర్ పని చెప్పినచోట చేతులెత్తేసింది.

పెద్దల ఉదాహరణలూ ఇదే చెబుతాయి. మన నరసాపురం కోడలు నిర్మలా సీతారామన్ 2019లో బడ్జెట్ బ్రీఫ్‌కేసును పక్కనపెట్టి ఎర్రగుడ్డ చుట్టిన ఖాతా పుస్తకంతో పార్లమెంటుకు వచ్చారు. 2021లో ఆ ఎర్ర కవరులోనే ట్యాబ్ వచ్చింది. ఉద్యోగం పోయింది కాగితానికి. ఆ బడ్జెట్ తయారుచేసిన ఆఫీసుల్లో కంప్యూటర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. 2007లో స్టైలస్ ఎవరిక్కావాలి అని ఈసడించిన జాబ్స్ కంపెనీయే 2015లో ఐప్యాడ్‌కి పెన్సిలు తెచ్చింది. కాగితంతో పోటీ పడాలంటే కలం లేకుండా కుదరదని ఒప్పుకున్నట్టే.

కృష్ణా డెల్టాలో ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఉంది. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టారు. టీచర్లవి కూడా కలిపి 5 లక్షల పైచిలుకు. 8.7 అంగుళాల సామ్‌సంగ్ ట్యాబ్, నెట్ లేకపోయినా నడిచేలా లోపల ముందే ఎక్కించిన బైజూస్ పాఠాలు, పాఠం తప్ప ఇంకోటి తెరవకుండా తాళం వేసే సాఫ్ట్‌వేర్. అంటే దాన్ని పాఠ్యపుస్తకంగానే ఇచ్చారు. పుస్తకానికి రచయిత ఎంత ముఖ్యమో దీనికీ అంతే. 2024 జులైలో బైజూస్ మాతృసంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. గాజు పలక నిక్షేపంగా ఉన్నా లోపలి పాఠాన్ని ఏటేటా దిద్దేవాళ్లు ఉండాలి.

పుస్తకంగా కాక కంప్యూటరుగా ఇవ్వబోయిన ట్యాబ్ గతి 2011లోనే చూశాం. హైదరాబాదులో బిగించి, అక్టోబరు 5న ఢిల్లీలో విడుదల చేసిన ఆకాశ్ ట్యాబ్ పేరు ఆకాశంలో, ర్యామ్ 256 ఎంబీ. తెరను తాకితే చాలదు, నొక్కాలి.

బెజవాడకు ప్రత్యేకమైన చిక్కు ఇంకోటుంది. ఐప్యాడ్‌ను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని యాపిల్ రాసింది. మే నెలలో ఇక్కడ 40 దాటడం మామూలు. ట్యాబ్‌లో ఫ్యాను ఉండదు. మధ్యాహ్నం రెండింటికి వరండాలో మాస్టారు చదువుతుంటే అది వేడెక్కి వెలుతురు తగ్గించుకుంది. మాస్టారు అది చూసి తనూ ఓ కునుకు తీశారు. అయితే మ్యాక్‌బుక్‌లకూ కంపెనీ రాసింది 35 డిగ్రీలే కాబట్టి, ఈ ఒక్క విషయంలో రెంటికీ న్యాయం సమానంగా జరిగింది.

కస్టమ్స్ వాళ్ల దృష్టిలోనూ ఇవి కవలలు. 2023 ఆగస్టు 3న కేంద్రం దిగుమతుల మీద ఆంక్షలు ప్రకటించినప్పుడు ల్యాప్‌టాపూ ట్యాబూ ఒకే ఉత్తర్వులో, 8471 అనే ఒకే కోడ్ కింద ఉన్నాయి. జీఎస్‌టీ కూడా రెండింటికీ 18 శాతమే. ఇల్లాళ్లకు తెలిసిన తేడా ప్రభుత్వానికి తెలియదు.

ఇక తీర్పు. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు ట్యాబ్ కొనే ముందు ఏడాదికి ఎన్ని పేజీలు జిరాక్స్, ప్రింటు తీయిస్తున్నారో లెక్క వేసుకోవాలి. పేజీ రూపాయి చొప్పున పదిహేను వేల ట్యాబ్ అంటే పదిహేను వేల పేజీలు. ఏడాదికి ఐదు వేలు తీయించే ఇంట్లో మూడేళ్లకు కిట్టుబాటు. పెన్నుతో కలిపి 42,800 పడే ఐప్యాడ్ అయితే అదే ఇంటికి ఎనిమిదేళ్లు దాటుతుంది. సామ్‌సంగ్ ఎస్ వరస ట్యాబ్‌లలో చాలావాటికి పెన్ను పెట్టెలోనే వస్తుంది, అదీ చూసుకోవాలి. కీబోర్డు కొనాలనిపిస్తే మీక్కావాల్సింది ట్యాబ్ కాదు. ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలూ పాత పుస్తకాలు చదివే పెద్దలూ ఎవరూ లేకపోతే ఆ డబ్బుతో ఉన్న ల్యాప్‌టాప్‌కే ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ వేయించుకోండి, చేతిలో ఇంకా మిగులుతుంది. కొత్తది కొనే ముందు తోడల్లుడి బీరువా ఒకసారి వెతికించడం మర్చిపోకండి.