మేజరు

"మీకు 18 నిండాయా?"

తలంతా నెరిసిన మనిషిని పట్టుకుని ఈ మాట అడగాల్సి వచ్చింది. ఏం చేస్తాం, ముందు తేల్చుకోవలసింది అదే.

"నిండి 32 ఏళ్ళయింది సార్," అన్నాడాయన నవ్వకుండా.

గుడివాడ నుంచి పొద్దుటి బస్సుకి బందరు వచ్చారు తండ్రీకొడుకులు. కొడుక్కి ఎరువుల కొట్టుంది. పెంచిన తండ్రికి ఎనభై దగ్గర పడుతున్నాయి. వద్దన్నా వినకుండా బయల్దేరాడట.

రూలు చదివి వినిపించాను. 2022 దత్తత నిబంధనల ప్రకారం 18 దాటినవాళ్ళు కన్నవాళ్ళ కోసం ఒంటరిగానే అర్జీ పెట్టుకోవచ్చు. ఆ లోపైతే పెంచిన తల్లిదండ్రులతో కలిసి పెట్టాలి. మూడో మనిషి అడగడానికి వీల్లేదు. తమ వివరాలు బయటపెట్టొద్దని కన్నవాళ్ళు కోరి ఉంటే, వాళ్ళు ఒప్పుకుంటే తప్ప చెప్పరు. ఇంత ఆలోచించి రాసినవాళ్ళు, తల్లి బిడ్డను వెతుక్కోవడానికి మాత్రం దారి పెట్టలేదు. వెతికే హక్కంతా బిడ్డదే.

"మీరు మేజరు కాబట్టి నాన్నగారి సంతకం అక్కర్లేదండీ."

అప్పటికే పెన్ను తీసి పట్టుకున్న పెద్దాయన దాన్ని మళ్ళీ జేబుకి తగిలించుకున్నాడు.

వయసు రుజువుకి ఆధార్ ఇచ్చాడు కొడుకు. పుట్టిన తేదీ 19-11-1975. నేను తలెత్తి చూశాను. కృష్ణా జిల్లాలో పనిచేసే వాడెవడికైనా నవంబరు 19 అంటే వేరే చెప్పక్కర్లేదు. 1977లో ఆ శనివారం ఉప్పెన వచ్చి సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ళను ఊడ్చుకుపోయింది. సర్కారు లెక్కకే పోయినవాళ్ళు 10 వేల దాకా తేలారు. లెక్కకి రానివాళ్ళ మాట దేవుడికెరుక.

"తేదీ నేనే వేయించాను," అన్నాడు పెద్దాయన. "బళ్ళో అడిగితే ఏదో ఒకటి చెప్పాలిగా. ఏడాది మాత్రం డాక్టరు పళ్ళు చూసి చెప్పాడు."

బియ్యం బస్తాలు దించడానికి దివిసీమ వెళ్ళిన లారీ, తిరిగి వస్తూ ఈ పిల్లాణ్ణి తెచ్చింది. శవాలు తీయడానికే మనుషులు చాలని ఆ రోజుల్లో దత్తత కాగితాలు రాసేదెవరు? శిశుగృహం ద్వారా వచ్చిన బిడ్డయితే ఏదో ఒక ఫైలుండేది. ఆ మాటే చెప్పాను.

కొడుకు చొక్కా జేబులోంచి రాగి తాయెత్తు తీసి బల్లమీద పెట్టాడు. పచ్చగా చిలుమెక్కి, ఓ పక్క సొట్టపోయి ఉంది. "దొరికినప్పుడు నా మొలతాడుకి ఇదుందట సార్. ఆధారం ఇదొక్కటే. లోపలేముందో నేనెప్పుడూ విప్పి చూడలేదు."

"బొడ్డుతాడు ముక్క. ఎర్రదారం చుట్టి ఉంటుంది," అన్నాడు పెద్దాయన.

"నువ్వు విప్పావా నాన్నా?"

"లేదురా. మీ అమ్మ చెప్పింది."

"అమ్మకెలా తెలుసు?"

పెద్దాయన కండువాతో మూతి తుడుచుకున్నాడు.

"ఆ అమ్మ కాదురా."

నేను రాయడం ఆపాను.

"78 సంక్రాంతి వెళ్ళాక వచ్చింది. లారీ ఆనవాలు పట్టుకుని, ఆ ఊరూ ఈ ఊరూ అడుక్కుంటూ వచ్చింది. మొగుడూ, పెద్దపిల్లలిద్దరూ పోయారంది. తాయెత్తు గుర్తు చెప్పింది. లోపల మీ అమ్మేమో నిన్ను చంక దించదు. పిల్లల్లేని మనిషి... నాకేం పాలుపోలేదు. 'పసివాడమ్మా, ఇప్పుడు తీసుకెళ్ళి ఏం పెడతావు? మేజరయ్యాక రా, వాడే తేల్చుకుంటాడు' అన్నాను. తల ఊపి వెళ్ళిపోయింది."

కొడుకు చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "మళ్ళీ రాలేదా?" అన్నాడు.

"ఎందుకు రాదు? లెక్కపెట్టుకుని మరీ 93లో వచ్చింది. తలుపు తీసింది నువ్వే. 'అబ్బాయిగారూ, నాన్నగారున్నారా?' అని అడిగింది నిన్ను."

పెద్దాయన కొడుకు వైపు చూడలేదు.

"ఊళ్ళో లేరని నీ చేత చెప్పించింది నేనే."