ఏమీ చేయట్లేదు, ఊరికే రండి

మా వైపు భోజనానికి పిలిచేటప్పుడు నిజం చెప్పే ఆచారం లేదు. "ఏమీ చేయట్లేదురా, పప్పూ పచ్చడీ, ఊరికే రండి" అంటాం. అన్నవాడు నాలుగు గిన్నెలు పొయ్యెక్కిస్తాడని విన్నవాడికీ తెలుసు. నా వెధవతనం ఏమిటంటే, నిజంగానే పప్పూ పచ్చడితో సరిపెడదామని స్నేహితుల్ని పిలిచి, ఫోన్ పెట్టేయగానే మనసు మార్చుకోవడం.

చీరాలలో మాది రెండు గదుల ఫ్లాటు. హాల్లో సోఫా దాటి అవతలికి పోవాలంటే పక్కకు తిరిగి నడవాలి. వచ్చేవాళ్లలో ఒకడికి బట్టల మార్కెట్లో కొట్టుంది, ఒకడు జాండ్రపేటలో మగ్గం నేస్తాడు, మిగతావాళ్లు నాతో చదువుకున్నవాళ్లు. మా ఆవిడ పుట్టింటికి వెళ్తూ ఒకే మాట చెప్పింది. "ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి, అప్పడాలు. అంతకుమించి దేని జోలికీ పోకండి." ఆ మాట విని ఉంటే ఇది రాయాల్సిన పనే లేదు.

పొద్దున్నే వాడరేవు వెళ్లాను. పడవలు ఒడ్డుకు చేరే వేళ తాజా వంజరం కంటబడితే బుద్ధి నిలవడం కష్టం. "పులుసుకా, వేపుడుకా?" అంది చేపలమ్మే ఆవిడ. "రెంటికీ" అన్నాను. చేపల పులుసు రాత్రి కాచి మర్నాడు తినాల్సిన వంట. ముక్కకు పులుపూ ఉప్పూ పట్టడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. అమ్మ నోట వెయ్యిసార్లు విన్నదే. నేను సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మొదలుపెట్టాను. ఇంట్లో వేటపాలెం జీడిపప్పు ఉంది కదా అని పులావు కూడా. పొయ్యికున్నవి రెండే బర్నర్లు.

ఇక కారం. ఎవరో ఉత్తరాది వంటాయన వీడియో చూసి ఆయన చెప్పిన కొలతే వేశాను. ఆయన వాడింది రంగెక్కువా మంట తక్కువా ఉండే కాశ్మీరీ కారం. మా డబ్బాలో ఉన్నది తేజ. మిరప కళ్లాల మధ్య పెరిగినవాడికి తేజ సంగతి ఒకరు చెప్పాలా! నాకు చెప్పాల్సి వచ్చింది, అదీ గరిటెడు పులుసు నోట్లో పోసుకున్నాక నాలుకే చెప్పింది.

అది చాలదన్నట్టు ఎండుమిర్చి పోపు మాడింది. పాత ఇళ్లలో వంటింటి తలుపు దొడ్లోకి ఉండేది, ఘాటు కరివేపాకు చెట్టు మీదుగా పోయేది. ఫ్లాటులో ఘాటు కూడా మనుషుల దారినే పోతుంది. హాల్లోకి, అక్కణ్ణుంచి కారిడార్లోకి. మావాళ్లు మెట్ల మీదే దగ్గడం మొదలుపెట్టారు. ఎదురింటి తలుపు తెరుచుకుని, దగ్గి, మూసుకుంది.

ఇంకో ఘనకార్యం, మడత టేబులూ కుర్చీలూ అద్దెకు తేవడం. అవి వేశాక హాల్లో మనుషులకు జాగా లేకుండా పోయింది. జాండ్రపేటవాడు గుమ్మంలోనే నిలబడి చూశాడు. "గుంటమగ్గం ఉన్న ఇల్లెప్పుడైనా చూశావా? మగ్గం పోగా మిగిలేది మంచమంత చోటు. చుట్టాలొచ్చినా అక్కడే, పెళ్లిచూపులైనా అక్కడే" అంటూ టేబులు కారిడార్లోకి లాగేసి చాప పరిచాడు. ఇల్లు ఇరుకని నేను సిగ్గుపడింది ఎవరి ముందో అప్పుడు తలకెక్కింది. 1921లో మునిసిపల్ పన్ను కట్టేది లేదని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట చీరాల, పేరాల జనం ఇళ్లొదిలి, ఊరి బయట రామ్‌నగర్ పాకల్లో 11 నెలలు కాపురమున్నారు. ఆ పాకలకూ చుట్టాలు వచ్చే ఉంటారు, వాళ్లకు ఇంత అన్నం పెట్టే ఉంటారు. అద్దె టేబులు కోసం ఎవరూ వెతుక్కుని ఉండరు.

అన్నిటికన్నా నాకు కష్టం వేసింది ఇంకొకటి. కొట్టువాడు మా లెక్కల మాస్టారి మీద ఏదో చెబుతున్నాడు, అంతా పడీ పడీ నవ్వుతున్నారు. నేను గరిటె పట్టుకుని పరుగున వచ్చి "ఏంటి, ఏంటి?" అంటాను. వాడు మొదటికి వచ్చి చెప్పబోతాడు. లోపల కుక్కర్ కూస్తుంది. ఆ కథ నాకు ఇప్పటికీ సగమే తెలుసు.

పులుసు ఎవరూ ముట్టలేదు. పులావు అడుగంటింది. చివరికి నేతగాడే లేచి కందిపప్పు కుక్కర్లో పడేశాడు. అందరం చాప మీద కూర్చుని ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి. వేపుడు మాత్రం బాగానే కుదిరిందని ఒకరిద్దరు అన్నారు, మొహమాటానికే అయ్యుంటుంది. మర్నాడు ఆ పులుసులో ఇంకాస్త చింతపండు రసం పోసి, ఉల్లిపాయలు వేసి మరిగిస్తే దారికొచ్చింది. తినడానికి నేనొక్కణ్ణే ఉన్నాను.

ఇప్పుడు ఎవరినైనా పిలిస్తే ఉన్నదే చెబుతున్నాను. దోసకాయ పప్పు, గోంగూర, పెరుగు, అంతే. ఒక్కడూ నమ్మడు. మధ్యాహ్నం తిండి తగ్గించుకుని మరీ వస్తారు. విస్తట్లో గోంగూర వడ్డించాక కూడా వంటింటి వైపు మెడ చాచి, వంజరం ఎక్కడ దాచానా అని చూస్తుంటారు.