‘సొంత కార్లు అస్సలు వద్దు’ (టీకా తాత్పర్య సహితం)

అవతారిక

కోలాచలం మల్లినాథసూరి మెదకు సీమవాడు. కాళిదాసు కావ్యాలకు సంజీవనీ వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. ఆయన ముందున్నవి మహాకావ్యాలు కాబట్టి ఆ ఒట్టు చెల్లింది. మన ముందున్నది వాట్సాప్ సందేశం. ఇందులో రాసినదానికంటే రాయనిదే ఎక్కువ. అందుకని వ్యాఖ్యాత కాస్త చొరవ తీసుకోక తప్పదు. విజయనగరం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు, 1987 టెన్త్ బ్యాచ్ అనుకుందాం. ఇలాంటి సందేశాల ప్రతులు రెండు తెలుగు రాష్ట్రాల్లో యాభై దాటిన ఏ ఫోనులో వెతికినా దొరుకుతాయి. పాఠాంతరాలు పోల్చి, కళ్లజోడు లేకుండా రాయడం వల్ల వచ్చిన లేఖక దోషాలు సవరించి, గులాబీ పువ్వులను ప్రక్షిప్తాలుగా తొలగించి, మూలాన్ని ఈ విధంగా స్థిరపరచడమైనది.

మూలం

“ఒరేయ్! డిసెంబరు రెండో శనివారం, ఆదివారం అరకు. వైజాగ్‌లో పొద్దున్నే కిరండూల్ బండి. తలా నాలుగు వేలు. ఫ్యామిలీలు వద్దు. సొంత కార్లు అస్సలు వద్దు. ఆడపిల్లలు కూడా రావాలి. రానివాళ్లు కారణం చెప్పాలి.”

ప్రతిపదార్థం

ఒరేయ్ = ఓ డిప్యూటీ తహసీల్దారూ, ఓ కాంట్రాక్టరూ, ఓ ఆర్టీసీ కండక్టరూ, ఓ టైలరూ అని అందరినీ ఒకే గుక్కలో పిలిచే సంబోధన; రెండో శనివారం = సర్కారు కచేరీలకూ బ్యాంకులకూ సెలవు రోజు, సెలవు దొరకలేదన్న సాకు ముందే కొట్టివేయబడినదని భావం; కిరండూల్ బండి = కొత్తవలస దగ్గర కొండల వైపు తిరిగి, అరకు మీదుగా బస్తరు వెళ్లే ప్యాసింజరు; తలా నాలుగు వేలు = బండి, బస, భోజనం కలిపి, దీని మీది వివాదం ముందు వచ్చును; ఫ్యామిలీలు వద్దు = ఇంట్లో మన పరపతి ఎంతో తెలిసిన సాక్షులు వద్దు; ఆడపిల్లలు = మనవల్ని ఎత్తుకున్నవారితో సహా తరగతిలోని స్త్రీలందరూ, హాజరు పట్టీకి వయసుతో పనిలేదు గనుక; రానివాళ్లు కారణం చెప్పాలి = సెలవు చీటీ సంప్రదాయం, జ్వరమన్నా చెల్లును. ఇక మిగిలింది ‘అస్సలు’. సందేశం మొత్తంలో నొక్కి పలికిన మాట ఇదొక్కటే. డబ్బు దగ్గర గొంతు పెంచలేదు, రావడం గురించీ పెంచలేదు. కార్ల దగ్గరే పెంచాడు. ఎందుకన్నది తేలితే తక్కినదంతా తేలుతుంది.

విశేషార్థం

ఘాట్ రోడ్డు మలుపుల్లో యాభై దాటిన కళ్లను నమ్మలేం కాబట్టి కార్లు వద్దన్నాడని కొందరు. సాయంత్రం రెండు పెగ్గులు పడ్డాక స్టీరింగు పట్టకూడదు కాబట్టి అని మరికొందరు. రెండూ పొసగవు, అదే కారణమైతే డ్రైవర్ని తెచ్చుకోండి అంటే సరిపోయేది. కారు లేనివాళ్లు చిన్నబుచ్చుకుంటారని ఇంకో వ్యాఖ్య. ఇది కొంత దగ్గరికి వచ్చింది గానీ గడప దాటలేదు. అసలు సంగతి: కారున్నవాడు ఎప్పుడనిపిస్తే అప్పుడు వెళ్లిపోగలడు. బడి స్నేహమేమో వెళ్లిపోలేని చోట పుట్టింది. కాన్వెంట్లు మండలాలకు పాకక ముందు చుట్టుపక్కల ఏడెనిమిది ఊళ్లకు ఒకే హైస్కూలు. ఊరూ, పుట్టిన సంవత్సరమూ, హాజరు పట్టీలో వరుసా కలిసి ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో తేల్చేశాయి. పక్కవాడు ఎంత విసిగించినా లాంగ్ బెల్లు దాకా లేవడానికి లేదు. ఆరు నుంచి పది దాకా అలా కూర్చోగా కూర్చోగా ఏర్పడిందే ఈ బంధం. తర్వాత కాలేజీలో, ఉద్యోగంలో, కాలనీలో వచ్చిన స్నేహాలు మనం ఏరుకున్నవి. రుచులూ పనులూ కలిసినంతకాలం నడిచాయి, కలవనప్పుడు పలచబడ్డాయి. ఏరుకోని స్నేహానికి ఆ భయం లేదు. కానీ దాన్ని మళ్లీ రాజెయ్యాలంటే, అది పుట్టిన నిర్బంధాన్ని మళ్లీ కాసేపైనా కల్పించాలి. సందేశకర్త ‘అస్సలు’ అని నొక్కింది అందుకే.

బడి ఆవరణలో జరిగే ఆత్మీయ సమ్మేళనాన్ని ఈ కొలతతో చూడాలి. ఫ్లెక్సీ, జ్యోతి ప్రజ్వలన, మాస్టార్లకు శాలువాలు, మెమెంటోలు, బడికి మంచినీళ్ల ప్లాంటు, గ్రూప్ ఫొటో, భోజనాలు, మర్నాడు జిల్లా పేజీలో వార్త. ఇందులో తప్పేమీ లేదు. చదువు చెప్పిన మాస్టారికి దండం పెట్టడానికి అంతకంటే మంచి చోటు లేదు. అయితే వేదిక వేశాక పైన ఎవరు, కింద ఎవరు అన్న లెక్క వచ్చి తీరుతుంది. విరాళం ఎక్కువిచ్చినవాడి చేతికి మైకు ముందు వెళ్తుంది. ‘ఇంకో ప్రోగ్రాం ఉంది’ అని పెరుగన్నం కాకుండానే ఒకాయన లేస్తాడు, ఆయన వెనక కార్లున్న నలుగురు లేస్తారు. మిగిలినవాళ్లు షామియానా వాడికి కుర్చీలు అప్పగించడానికి ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. అసలు మాటలు అక్కడ, ఆ కుర్చీల దొంతర పక్కన మొదలవుతాయి. అప్పటికి సభ అయిపోయింది.

ఇందుకు ప్రమాణాలు ఇతిహాస పురాణాల్లో రెండున్నాయి. ద్రోణుడూ ద్రుపదుడూ ఒకే గురువు దగ్గర చదువుకున్నారు. పేదరికంలో ఉన్న ద్రోణుడు పాత నేస్తం రాజయ్యాడని విని వెళ్లాడు. వెళ్లింది సభకు. సింహాసనం మీద ఒకరు, ఎదురుగా నిలబడి ఒకరు. రాజుకూ పేదకూ స్నేహమేమిటన్నాడు ద్రుపదుడు. ఆ ఒక్క మాటకు సగం పాంచాలం పోయింది, పగ కురుక్షేత్రం దాకా నడిచింది. భాగవతం దశమ స్కంధంలో కుచేలుడూ సహాధ్యాయి దగ్గరికే వెళ్లాడు. ఇద్దరి స్థితిలో తేడా ద్రోణ ద్రుపదుల తేడా కంటే తక్కువేమీ కాదు. కృష్ణుడు ఎదురొచ్చి, కాళ్లు కడిగి, తన పాన్పు మీద కూర్చోబెట్టుకుని ఏం గుర్తు చేశాడు? నేర్చుకున్న విద్యల జాబితా చదవలేదు. గురుపత్ని కట్టెలు తెమ్మంటే అడవికి వెళ్లిన రోజు, పెద్ద గాలివాన పట్టుకుని, దారీ తెన్నూ తెలియక, చేతులు పట్టుకుని తెల్లవార్లూ తిరిగిన రాత్రి గుర్తు చేశాడు. ద్వారకలో అంత వైభవం మధ్య కూడా ఆయన మనసులో నిలిచింది ఇంటికి పోలేకపోయిన రాత్రి. సభకు పోయిన స్నేహం చెడింది, వానలో చిక్కుకున్న స్నేహం నిలిచింది.

అటువంటి వానను షుగరూ బీపీ ఉన్నవాళ్లకు ప్రమాదం లేకుండా ఏర్పాటు చేసేది కిరండూల్ బండి. ఆ లైనును ఎవరి స్నేహం కోసమూ వెయ్యలేదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపానుకు పంపడానికి 1960ల్లో వేశారు. 58 సొరంగాలు. శిమిలిగూడ స్టేషను దగ్గర ఎత్తు 996 మీటర్లు. అరకు చేరడానికి సుమారు నాలుగు గంటలు. ప్రమోషన్లు, పిల్లల అమెరికా, కొన్న స్థలాలు, అమ్మిన స్థలాలు శృంగవరపుకోట వచ్చేసరికి అయిపోతాయి. పులిహోర పొట్లం, దాని వెనకే మాత్రల డబ్బా బయటికొస్తాయి. బొడ్డవర దాటి కొండెక్కడం మొదలయ్యాక ఎవరి దగ్గరా చెప్పుకోవడానికి ఘనకార్యం మిగలదు. అప్పుడు సొరంగం. బోగీ చీకటవుతుంది. చిన్నపిల్లలతో పాటు రిటైర్మెంటుకు దగ్గరపడిన పెద్దమనుషులూ అరుస్తారు. ఆ అరుపుల్లో ఎవరో ఎవర్నో తొమ్మిదో తరగతి నాటి మారుపేరుతో పిలుస్తారు. వెలుగొచ్చేసరికి పిలిచినవాడు ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి లోయ చూస్తుంటాడు. ఇక్కడొక హెచ్చరిక. ఈ దారిలో 2017 నుంచి అద్దాల పెట్టె, అందులో తిరిగే కుర్చీలు వచ్చాయి. బ్యాచ్‌లో కొందరు అందులోనూ తక్కినవాళ్లు మామూలు బోగీలోనూ ఎక్కితే అది చక్రాల మీద సభ. అందరూ అందులో, లేకపోతే అందరూ ఇందులో.

పూర్వపక్షాలు, సమాధానాలు

మొదటి ఆక్షేపం: ఇన్నేళ్ల తర్వాత వీళ్ల మధ్య ఉమ్మడిగా ఉన్నదేమిటి? లెక్కల మాస్టారి బెత్తం కథ ఎన్నిసార్లు చెప్పుకుంటారు? హిందీకి ఇరవై మార్కులు చాలు కాబట్టి గట్టెక్కినవాడు ఇప్పుడు దుబాయిలో హిందీతోనే బతుకుతున్నాడని ఎన్నిసార్లు నవ్వుతారు? బొర్రా చేరేలోపు మాటలైపోవా? అయిపోతాయి, అయిపోవాలి కూడా. ఒక్కరోజు సమ్మేళనం జ్ఞాపకాలు నిండుగా ఉండగానే ముగుస్తుంది, అందుకే అక్కడ ఇప్పటి బతుకు బయటపడదు. కొడుకు ఫోను ఎత్తడం మానేశాడనీ, డయాలసిస్ మొదలైందనీ, అప్పుకు హామీ సంతకం పెట్టి ఇల్లు పోగొట్టుకున్నాననీ మైకులో ఎవరూ చెప్పరు. రెండో రోజు వలిసె పూల తోట దగ్గర, మిగతావాళ్లు రైతుకు డబ్బులిచ్చి ఫొటోలు దిగుతుంటే, మోకాళ్ల నొప్పితో గట్టు మీద కూలబడిన ఇద్దరి మధ్య అవి వస్తాయి. పాత కథలు అడుగంటడానికి ఒక రోజు పడుతుంది. మూలంలో రెండు రోజులున్నది అందుకు.

రెండో ఆక్షేపం ఇంతకంటే బరువైంది. ‘ఒరేయ్’కు రెండు చరిత్రలున్నాయి. తరగతి గదిలో అది అడ్డంగా నడిచింది, ఊరి వీధిలో పైనుంచి కిందికి నడిచింది. తండ్రి వయసున్న పాలేరును మోతుబరి ఇంటి పిల్లలు ఒరేయ్ అన్న ఊళ్లలోనే ఆ పాలేరు కొడుకు అదే బడిలో వెనక బెంచీ మీద కూర్చున్నాడు, సాయంత్రం పేటకో సాంఘిక సంక్షేమ హాస్టలుకో వెళ్లిపోయాడు. ‘మన రోజుల్లో కులం ఎక్కడిదిరా’ అని ఇప్పుడు నిశ్చింతగా అనగలిగేది ముందు బెంచీవాడే. దీనికి పూర్తి సమాధానం ఏ ప్రయాణంలోనూ లేదు. ఊరు చెయ్యనిది బండి చేస్తుందనడం కోతలు కొయ్యడం. అయితే బండి ఒక పరీక్ష పెడుతుంది. అందరూ ఒరేయ్ అనిపించుకుంటున్నారా అని చూస్తే చాలదు, అందరూ అనగలుగుతున్నారా అని చూడాలి. వెనక బెంచీవాడు కాంట్రాక్టరును ‘గారు’ అంటూ, కాంట్రాక్టరు మాత్రం ఇతన్ని ‘ఒరేయ్’ అంటూ ఉంటే బండి ఇంకా కొత్తవలస దాటలేదన్నమాట. ఒకే గదిలో పడుకుని, పొద్దున్నే గురక గురించి ఇద్దరూ సమానంగా తిట్టుకుంటే కాస్త ఎత్తుకు చేరినట్టు. ‘తలా నాలుగు వేలు’ కూడా ఈ లెక్కలోదే. కొందరికది వారం పదిరోజుల కూలి. లెక్క ఒక్కడి దగ్గరే ఉండాలి, ఎవరి వాటా ఎవరు కట్టారో ఆ ఒక్కడికే తెలియాలి. గ్రూపులో ‘స్పాన్సర్లకు ధన్యవాదాలు’ అని పడిన క్షణాన ద్రుపదుడు సింహాసనం ఎక్కినట్టే.

మూడో ఆక్షేపం వ్యాఖ్యాతను నిజంగా ఇరుకున పెట్టేది. వెళ్లిపోలేకపోవడమే స్నేహానికి మూలమైతే, టెన్త్ అయిన ఏడాదే పెళ్లై, ఇంటిపేరు మారి, మూడు దశాబ్దాలు ఇల్లు వదిలి కదలని ఆడపిల్లకు ఈ నిర్బంధం ఏ కొత్త సుఖమిస్తుంది? గ్రూపులో చేర్చడానికి ఆమె నంబరు ఆమె అన్నయ్యను అడిగి సంపాదించాల్సి వచ్చింది. ‘ఫ్యామిలీలు వద్దు’ అన్న మాట మగవాడికి సెలవు, ఆమెకు ఇంట్లో జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్న. రాత్రి బస అన్నది చూసి ‘వీలుపడదు’ అని రెండు మాటల్లో తేల్చేస్తుంది, కారణం అడిగితే జ్వరమంటుంది. ఈ ఆక్షేపం న్యాయమైనదే కాబట్టి సిద్ధాంతాన్ని సవరించుకోవాలి. బడిలో నిర్బంధం మేలు చేసింది అది అందరినీ ఒకేలా కట్టేసింది గనుక. ఒకరికే ఉంటే అది చెర. కాబట్టి మగవాళ్ల కారు తాళాలు ఎంత బిగించాలో, ఆడవాళ్లకు దారులు అంత తెరవాలి. తేదీ వాళ్లనడిగి పెట్టాలి, గదుల సంగతి వాళ్లలో ఒకరి చేతికి ఇవ్వాలి, సాయంత్రమే తిరిగి వెళ్లాలనుకునేవాళ్లకు ముందే బండి మాట్లాడి ఉంచాలి. అన్నీ నిర్ణయించేశాక చివర ‘కూడా’ అని చేర్చడం మూలంలోని దోషం. మల్లినాథుడు కాళిదాసు తప్పులను సమర్థించి ఉండవచ్చు, మనకా బాధ్యత లేదు.

తాత్పర్యం

ఓ సహాధ్యాయులారా! పాత స్నేహం మాటలతో తిరిగి రాదు, వేదిక మీదికి అసలు రాదు. హోదా, డబ్బు, కులం, ఇంటి బాధ్యత అనేవి ఎవరికి ఎంత దూరంలో వదలగలిగితే అంత దూరం అందరూ ఒకే బండిలో పోవాలి. మధ్యలో లేచిపోయే వీలు, దాన్ని ఇన్నాళ్లూ అనుభవించినవాళ్లు వదులుకోవాలి. ఎన్నడూ దొరకనివాళ్లకు ఇవ్వాలి. మాటలైపోయాక కూడా పక్కనే కూర్చోవాలి. అరకు నిమిత్తమాత్రం, నాలుగు గంటలు దిగడానికి వీల్లేని బండి ఏదైనా చెల్లును అని భావం.

ఫలశ్రుతి

ఈ టీక చదివి సందేశం కింద బొటనవేలి బొమ్మ మాత్రమే పెట్టినవాడికి సీటు దొరకదు. డబ్బు ముందు కట్టినవాడికి కిటికీ పక్క సీటు దొరకును. గదులు హాజరు పట్టీ వరుసన కేటాయించబడును, మార్పులకు తావు లేదు. ఎంత చెప్పినా వినక కారు తెచ్చినవాడు వైజాగ్ స్టేషనులోనే తాళం లెక్క చూసేవాడి చేతికిచ్చి బండెక్కవలెను. ఆదివారం రాత్రి తిరిగొచ్చాక, అందరి ఆటోలూ కదిలిన తర్వాత, అది అతనికి తిరిగి ఇవ్వబడును.