నకలు రుసుముల నిర్ణయాధికారి గారికి బహిరంగ లేఖ



తాము సంతకముచేసి చిన్న చిన్న ప్రదర్శనశాలలకును, లిఖిత భాండాగారములకును పంపిన రుసుముల పట్టికను ఒకానొక పఠనాలయమున గోడకు అతికింపగా, నిలువుకాళ్ల మీద సాంతముగా చదివితిని. చదువుట ఉచితమేనని గుమాస్తాగారు అభయమిచ్చినందున ధైర్యముగానే చదివితిని గాని, దానిని ఫోనుతో ఫొటో తీసికొనబోవునంతలో వారు చేయి అడ్డము పెట్టి, అందుకును వెల యున్నదని పట్టికలోని కడపటి అంశమును వ్రేలితో చూపిరి.

ఆ పట్టికను కూర్చిన బుద్ధిసూక్ష్మతను మెచ్చక తప్పదు. గ్రంథమును కంటితో చూచుటకు రుసుము లేదు. పెన్సిలుతో ఎత్తివ్రాసికొనుటకును లేదు. కంటికిని కాగితమునకును నడుమ కెమెరా అద్దము వచ్చినంతనే పుటకు ఇంత యని యున్నది. నాకు సులోచనములున్నవి, వాని ఊసు పట్టికలో లేకుండుట తమ దయ. తొందర నకలునకు రెట్టింపు వెల కట్టుటలో మన దేవస్థానముల శీఘ్రదర్శనపు టిక్కెట్టు తమకు మార్గదర్శకమై యుండును. దరఖాస్తు ఫారమునకు వెల, అనుమతికి వెల, నకలునకు వెల, ఆ నకలును అచ్చువేసికొనదలచినచో మరల అనుమతికి వెల. ఇన్ని మెట్లెక్కిన పిదప పరిశోధకునికి ఊపిరి మిగిలినచో దానికిని ఏదేని నిర్ణయించుటకు పట్టిక అడుగున కొంత తావు ఖాళీగా నున్నది.

రుసుమే కూడదని వాదించువాడను కాను. చిన్న సంస్థలో తాళము తీయువాడును, దుమ్ము తుడుచువాడును, కట్ట విప్పి పుట వెదకి యిచ్చువాడును, జిరాక్సు యంత్రము ముందర నిలుచువాడును తరచుగా ఒక్కడే. వాని శ్రమకును, కాగితమునకును, కరెంటునకును డబ్బు తీసికొనుట న్యాయము. నకలునకు కూలి ఇచ్చుట మనకు క్రొత్తయు కాదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌనుదొర కడపలో తన బంగళాయందు పండితులను, వ్రాయసకాండ్రను కూర్చుండబెట్టి, తన జీతములోనుండి వారికి జీతములిచ్చి, ఒక్కొక్క కావ్యమునకు దొరికినన్ని ప్రతులు తెప్పించి, పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించి, అందుకై అప్పులును చేసెను. ఆ ప్రతులలో పెక్కు తరువాత మద్రాసు ప్రాచ్యలిఖిత భాండాగారమునకు చేరి నేటికిని మన సాహిత్యమునకు దిక్కైనవి. ఆయన వెచ్చించిన ధనము వ్రాసిన చేతికిని, దిద్దిన కంటికిని, కాగితమునకును, సిరాకును పోయినది. తమ ‘అనుమతి రుసుము’ ఏ చేతికి కూలి యగునో సెలవిచ్చినచో కృతజ్ఞుడనగుదును.

ఒక విద్యార్థి ‘కన్యాశుల్కము’ 1897 నాటి తొలికూర్పును, గురజాడవారు తామే తిరుగవ్రాసి 1909లో వెలువరించిన మలికూర్పుతో పోల్చదలచె ననుకొందము. గ్రంథకర్త 1915లోనే గతించిరి. గతించిన పిదప అరువదియేండ్లు నిండిన కర్త గ్రంథములు సర్వజనుల సొత్తని మన కాపీరైటు చట్టము చెప్పుచున్నది. ఎవరికిని హక్కు లేని రచనకు తమ పట్టిక హక్కుదారుని వేషము వేసికొని వెల యడుగుచున్నది. సమాచార హక్కు చట్టము క్రింద సర్కారు దస్త్రపు నకలు పుటకు 2 రూపాయలకు దొరకుచున్న ఈ దేశమున, ఆ నాటకములోని మధురవాణి పలుకులకు అంతకు పదింతలు ఏల కట్టవలయునో ఆ విద్యార్థికి బోధపడదు, నాకును పడలేదు.

ఇక అసలు మనవి. ఆంధ్రపత్రిక 1914లో దినపత్రికయైన నాటినుండి తెలుగు దినపత్రికలు అచ్చుపడినది చెక్కగుజ్జు కాగితముపై. అందలి ఆమ్లము దానిని లోలోపలనే తినివేయును. అట్టి పత్రికల పాత సంపుటమొకటి నకలు యంత్రమునకు వచ్చునప్పుడు ఏమగునో తాము చూచియుండరు. కుట్టు బిగువైన సంపుటము అద్దముపై చదునుగా పరుండదు గావున, గుమాస్తా దాని వెన్నును అరచేతితో అదుముచున్నాడు, లోపల దారము ‘పుటుక్కు’మనుచున్నది, అంత అదిమినను కుట్టు ప్రక్కనున్న వరుసలో కడపటి రెండక్షరములు నల్లని నీడలో మునిగిపోవుచున్నవి, మరల అదుముచున్నాడు. సంపుటమును ఎత్తిన పిదప అద్దముపై గోధుమవన్నె పెచ్చులు రాలియుండును. వానిని అరచేతి అంచుతో దులిపి చెత్తబుట్టలో వేయుదురు. వానిలో ఎవరి ఉపన్యాసములో ఏ మాట పోయినదో ఎరుగువారు లేరు. ఆ మరుసటి నెలలోనే మరియొక పరిశోధకుడు అదే పుటను కోరును. మరల రుసుము, మరల అదుముట, మరల పెచ్చులు. తాము పుటకు వెల కట్టితిరి గాని, పుట పడు దెబ్బకు కట్టలేదు.

మొదటివాడు సొమ్ము చెల్లించి తీయించిన బొమ్మ ఎక్కడ నున్నది? వాని పెన్‌డ్రైవులో. సంస్థలో నున్నది రశీదు మాత్రమే. సంపుటమును అదుమక పైనుండి కెమెరాతో ఒక్కసారి జాగ్రత్తగా తీసి, ఆ ప్రతిని సంస్థయే అట్టిపెట్టుకొన్నచో, రెండవవాడు మొదలు అందరికిని దానినే కాగితపు వెలకే ఇయ్యవచ్చును. మూలమునకు బీరువాలో విశ్రాంతి లభించును. మొదటివాని రుసుము కొంచెము హెచ్చైనను నేను సణుగను. ఎక్కువ పుటలు నకలుచేసినకొలది ఆదాయమని తలచు సంస్థ, తన సొత్తును తానే అరగదీసి అమ్ముకొనుచున్నది.

రాబడి లేనిదే సంస్థలు నడువవని తాము సెలవియ్యవచ్చును. నిజమే. కాని 1918లో పుట్టి, 1929లో గాంధీజీచే శంకుస్థాపన చేయించుకొన్న వేటపాలెపు సారస్వత నికేతనము వంటి సంస్థలు నిలిచినది దాతల వలన. అట్టి దాతయొకని మనుమడు, తాతగారు బండిలో వేసి ఊరకే పంపిన పుస్తకమునుండి రెండు పుటలకై ఎక్కడనో వరుసలో నిలుచుట న్యాయమేనా? రాబడియే కావలయునన్నచో, మనము ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కట్టుచున్నాము; దానిని వసూలు చేసికొన్న పురపాలక సంఘములు గ్రంథాలయ సంస్థలకు చెల్లింపక బకాయి పెట్టుటను పత్రికలలో ఏటేట చదువుచున్నాము. వసూళ్లయందు తమకు గల అసాధారణ ప్రజ్ఞను ఆ దిక్కునకు త్రిప్పి, ఆ ద్రవ్యములో ఒక పాలు ఈ చిన్న సంస్థలకును చేరునట్లు చూచినచో, విద్యార్థి జేబు వెదకవలసిన పని యుండదు.

అంతవరకు, పట్టికలో కూలి, కాగితము అను రెండంశములను మాత్రము నిలిపి తక్కినవి కొట్టివేయవలసినదనియు, జీతము లేని విద్యార్థికి మొదటి ఇరువది పుటలు ఊరకే ఇయ్యవలసినదనియు, సొంత ఫోనుతో వెలుగు వేయక తీసికొనువానిని అడ్డగింపవలదనియు మనవి చేసికొనుచున్నాను. ప్రత్యుత్తరమునకు రుసుమున్నచో ముందుగా తెలుపగలరు.

ఇట్లు,
తమ పట్టికలో విద్యార్థులు, ఆచార్యులు, ప్రచురణకర్తలు, విదేశీయులు అను వర్గములు ముగిసిన పిదప ‘ఇతరులు’ అను శీర్షిక క్రింద అందరికంటె హెచ్చు రుసుమునకు పాత్రుడైన
ఒక పాఠకుడు