సాగర్ ఒడ్డున ఒక రాత్రి

నాగార్జునకొండ మీద రాత్రిపూట యాత్రికులను ఉండనివ్వరు. పొద్దుగూకకముందే చివరి లాంచి అందరినీ దించుకుని వచ్చేస్తుంది. కొండను నింపాదిగా చూడాలనుకునేవాడు ముందురోజే వచ్చి ఒడ్డున ఒక రాత్రి గడపాలి. మా రోజుల్లో ఆ రాత్రికి ఖర్చనేది ఉండేదే కాదు. ఇవాళ మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేటల నుంచి పిల్లాపాపలతో బయల్దేరే కుటుంబానికి ప్రయాణం మొత్తంలో నడుం విరిచే ఖర్చు అదే. ఇది నాకు మింగుడుపడటం లేదు. ముసలివాళ్ల సణుగుడు అనుకున్నా సరే, చెప్పే తీరతాను.

మాది మిర్యాలగూడ. మేనత్తను కోదాడ ఇచ్చారు, పెద్దక్కను సూర్యాపేట ఇచ్చారు. దసరా సెలవులు వస్తే మూడు ఊళ్ల పిల్లలం మా ఇంట్లో పోగయ్యేవాళ్లం. కోదాడ వాళ్లు హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా వచ్చి కలిసేవాళ్లు. మరునాడు పొద్దున్నే హాలియా, పెద్దవూర మీదుగా సాగర్ బస్సు. మా చిన్నాయన ప్రాజెక్టులో వర్క్‌చార్జి మనిషి. హిల్ కాలనీలో ఆయనకు రెండు గదుల క్వార్టరు, ముందు చిన్న వరండా. అంతమందిమి ఒక్కసారిగా దిగితే చిన్నమ్మ వాకిట్లోకి వచ్చి "ఎంతమంది వచ్చిండ్రు రా?" అని అడిగేది. అది బియ్యం కొలుచుకోవడానికి. "ఎన్ని రోజులుంటరు?" అని మాత్రం ఎన్నడూ అడగలేదు. మగపిల్లలకు వరండాలో చాపలు, ఆడపిల్లలకు లోపలి గది. తెచ్చుకున్న పులిహోర, మామిడికాయ తొక్కు రాత్రికి సరిపోయేవి. తెల్లారి సద్ది కట్టుకుని మొదటి లాంచికి పరుగు.

చుట్టాలు లేనివాళ్లకు కూడా దారి ఉండేది. విహారయాత్రకు పిల్లల్ని తీసుకెళ్లే సార్లు అక్కడి బడి హెడ్మాస్టరుకు ముందుగా ఉత్తరం రాసేవాళ్లు. బెంచీలు పక్కకు జరిపి, తరగతి గదిలో దుప్పట్లు పరిచి పడుకునేవాళ్లు. మూడు రాళ్ల పొయ్యి మీద అన్నం, పప్పుచారు. బడిగదికి అద్దె అడగాలన్న ఆలోచన ఆ హెడ్మాస్టర్లకు రాలేదు. లాడ్జీలు ఉన్నా వాటిలో ఇరవై నాలుగు గంటల లెక్క నడిచేది. సాయంత్రం అయిదింటికి దిగితే మరునాడు సాయంత్రం అయిదింటి దాకా గది మనదే. కొండ చూసి వచ్చి, కాళ్లు కడుక్కుని, ఒక కునుకు తీసి బస్సెక్కేవాళ్లం. ఇప్పుడు సాయంత్రం దిగినా, అర్ధరాత్రి దిగినా పొద్దున్నే ఖాళీ చేయాలి. డబ్బు మాత్రం పూర్తి రోజుకు కట్టాలి. కొండ మీదికి పోయేముందు సామాన్లెక్కడ పెట్టాలో తెలియక ఆడవాళ్లు సంచులు మోసుకుంటూ లాంచి ఎక్కడం నేను చూశాను.

రాత్రి ఉండటం ఎందుకు, పొద్దున పోయి సాయంత్రం రావచ్చు కదా అని మా మనవడు అంటాడు. కోదాడ నుంచి పొద్దున బయల్దేరిన వాడు రేవు చేరేసరికి సగం పొద్దు పోతుంది. టికెట్టు వరసలో నిలబడాలి, లాంచి నిండేదాకా కాచుకోవాలి. నీళ్ల మీద ముప్పావు గంట, గంట పడుతుంది. పైకి చేరాక తిరుగు లాంచి తొందర. మ్యూజియంలో పాలరాయిలా మెరిసే పలనాటి సున్నపురాయి మీద బుద్ధుడి జాతక కథలు చెక్కి ఉన్నాయి. ఒక్కో పలక ముందు నిలబడి చూడాలి. ఆ పలకల ముందు పిల్లలు ఫోనులో ఒక ఫోటో తీసుకుని పరుగెడుతున్నారు. పిల్లల్ని ఏమనగలం? కింద లాంచివాడు పిలుస్తుంటాడు.

అసలు ఆ కొండ మీద ఏముందో పెద్దలు పిల్లలకు చెప్పడం కూడా మానేశారు. అందుకని ఇక్కడ కాస్త చెప్పుకుందాం.

ఇప్పుడు నీళ్లున్న చోట ఒక లోయ ఉండేది. క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాల్లో అదే విజయపురి, ఇక్ష్వాకుల రాజధాని. వీరపురుషదత్తుడు, ఎహువల చాంతమూలుడు అక్కడి నుంచే ఏలారు. ఆ తర్వాత ఊరు మట్టిలో కలిసిపోయింది. 1926లో ఆ ప్రాంతపు బడిపంతులు సూరపరాజు వెంకటరామయ్య అక్కడి రాతి స్తంభాలను చూసి పురావస్తు శాఖకు కబురు చేశారు. తర్వాత లాంగ్‌హర్స్ట్ దొర తవ్వించారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్ ఆనకట్టకు పునాదిరాయి వేశారు. లోయ మునిగిపోతుందని ముందే తెలుసు కాబట్టి 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వారు. స్తూపాలు, విహారాలు, స్నానఘట్టం, రాతిమెట్ల క్రీడారంగం బయటపడ్డాయి. ముఖ్యమైన కట్టడాలు తొమ్మిదింటిని ఊడదీసి, కొండ మీదికి చేర్చి మళ్లీ కట్టారు. క్రీడారంగం లాంటి కొన్నిటిని అనుపు ఒడ్డున నిలబెట్టారు. పుల్లారెడ్డిగూడెం లాంటి ఊళ్లు మునిగాయి. అక్కడి జనం ఇళ్లూ పొలాలూ వదిలి లేచిపోయారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువకు లాల్‌బహదూర్ పేరు పెట్టారు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మాగాణులన్నీ ఆ కాలువ నీళ్లే. మిర్యాలగూడలో ఇన్ని రైసు మిల్లులు లేచాయంటే ఆ లోయ మునిగినందుకే. మనం తినే ప్రతి ముద్దలో ఆ లోయకు వాటా ఉంది. అందుకే మన పిల్లలు ఆ కొండను చూడటాన్ని నేను షికారు కింద లెక్కకట్టను.

ఇంకో సంగతి. ఆ లోయలో దొరికిన శాసనాల్లో బోధిశ్రీ అనే ఉపాసిక పేరుంది. ఆమె రాణి కాదు, ఒక గృహస్థుడి ఇల్లాలు. తామ్రపర్ణి, అంటే సింహళం నుంచి వచ్చిన ఆచార్యుల కోసం చుళధమ్మగిరి మీద చైత్యగృహం కట్టించింది. ఆ ఆచార్యులు కాశ్మీరం, గాంధారం, చీన, వంగం లాంటి దేశాల్లో ధర్మం చెప్పినవాళ్లని ఆ శాసనమే చెబుతోంది. సింహళ విహారం పేరు కూడా అందులో ఉంది. ఎక్కడెక్కడి నుంచో నడిచి వచ్చినవాళ్లకు ఆ లోయలో పడుకోవడానికి ఒక రాతి గది, తినడానికి అన్నం దొరికేవి. వాటి ఖర్చు దాతలు భరించేవాళ్లు. పదిహేడు వందల ఏళ్ల కిందట ఒక ఇల్లాలికి తోచిన ధర్మం ఇవాళ రెండు రాష్ట్రాల సర్కార్లకు ఎందుకు తోచడం లేదు?

ఇప్పుడు లెక్క చూద్దాం. నలుగురు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలున్న ఇల్లు. గదికి ఇద్దరే అంటారు, పిల్లవాడు కాస్త ఎదిగితే అదనపు మంచం అంటారు. రెండు గదులు తప్పవు. సెలవు రోజున ఒక్కో గది రెండు వేల అయిదు వందలు అనుకోండి. అయిదు వేలు, దాని మీద అయిదు శాతం జీఎస్టీ, మొత్తం 5,250 రూపాయలు. ఉపాధి హామీ కింద 2025-26లో మన రాష్ట్రానికి కట్టిన రోజుకూలి 307 రూపాయలు. ఒక మనిషి పదిహేడు రోజులు ఎండలో మట్టి తవ్వితే ఆ ఒక్క రాత్రికి సరి. ఇందులో తిండి లేదు, లాంచి టికెట్టు లేదు, ఆటో లేదు. మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. మంచి పని, కాదనను. సూర్యాపేటలో ఉన్న మా అక్క కోడలు ఆధార్ కార్డు చూపించి పైసా ఖర్చు లేకుండా సాగర్ దాకా రాగలదు. వచ్చాక ఎక్కడ పడుకోవాలి? ఒక్క రాత్రి నీడ దొరక్క, సాయంత్రం బస్సు పట్టుకుని ఆ పిల్ల తిరిగిపోతుంది.

పన్ను సంగతి ఇంకా దారుణం. రోజుకు వెయ్యి రూపాయల లోపు అద్దె ఉన్న గదికి 2022 జులై 18 దాకా జీఎస్టీ లేదు. ఆ రోజు నుంచి 12 శాతం వేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 రూపాయల దాకా గదులన్నిటికీ అయిదు శాతం చేశారు, పన్ను తగ్గించామని పండగ చేసుకున్నారు. తగ్గింది ఎవరికి? అయిదు వేల గదిలో దిగేవాడికి పన్నెండు నుంచి అయిదుకు దిగింది. ఎనిమిది వందల గదిలో సర్దుకునేవాడు ఒకప్పుడు పన్నే కట్టేవాడు కాదు, ఇప్పుడు అయిదు శాతం కడుతున్నాడు. ఉన్నవాడికి దించి లేనివాడికి ఎక్కించిన పన్ను ఇది. చౌక గదులు నడిపే చిన్న లాడ్జీవాడికి ఇంకేం ఉత్సాహం ఉంటుంది? వాడూ నాలుగు టైల్స్ అతికించి, ఏసీ బిగించి, అద్దె రెట్టింపు చేస్తాడు.

మా రోజుల్లో అన్నీ బాగున్నాయని నేను అనను. క్వార్టర్ల వెనక మరుగుదొడ్ల దగ్గర ఆడవాళ్లు పడిన ఇబ్బంది నాకు గుర్తుంది. బడిగదిలో దోమలు రాత్రంతా నిద్రపోనిచ్చేవి కావు. ఇప్పుడు శుభ్రమైన స్నానాలగది, వేడినీళ్లు, వెలుతురు ఉన్నాయి. వాటికి డబ్బు తీసుకోవడం న్యాయమే. శుభ్రతకు ఏసీ, టీవీ, గదిలో కాఫీ కెటిల్ జతచేసి, అన్నీ కలిపి కొంటేనే పడక ఇస్తామనడం అన్యాయం. నాకు కావాల్సింది ఒక పరుపు, ఒక ఫ్యాను, తలుపుకు గడియ ఉన్న మరుగుదొడ్డి. ఆ మూడింటికి విడిగా ధర చెప్పేవాళ్లు ఆ ఒడ్డున లేరు.

ధర ఒక్కటే కాదు, అడ్డంకులు కూడా పెరిగాయి. మా చిన్నప్పుడు ఈ ఒడ్డూ ఆ ఒడ్డూ ఒకే రాష్ట్రం. ఆనకట్ట మీద నడిచి అవతలికి పోయేవాళ్లం. 2014 తర్వాత హిల్ కాలనీ ఒక రాష్ట్రం, విజయపురి సౌత్ ఇంకో రాష్ట్రం. 2023 నవంబరు ఆఖరున నీళ్ల కోసం ఆనకట్ట మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. ఆ తర్వాత కేంద్ర బలగాలు వచ్చి కూర్చున్నాయి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగి అంతమంది చనిపోయాక ఆంధ్రప్రదేశ్‌లో పర్యాటక పడవలన్నీ ఆపేశారు. అది ప్రాణాల సంగతి, ఆపడమే సరి. అయితే లాంచి ఉందా లేదా అన్న కబురు మన ఊళ్లకు అందే ఏర్పాటు ఇప్పటికీ లేదు. ఒకసారి ముందుగా డబ్బు కట్టి గది తీసుకున్నాం. తీరా పోతే గాలి ఎక్కువగా ఉందని ఆ రోజు లాంచి కదల్లేదు. గది డబ్బు తిరిగి ఇవ్వమంటే అది వేరే లెక్క అన్నారు. లాంచి కోసమే గది తీసుకున్నామని ఎంత చెప్పినా వినలేదు.

2022 మే 14న సాగర్‌లో 274 ఎకరాల బుద్ధవనం తెరిచారు. చూశాను, శిల్పుల పని గొప్పగా ఉంది. విదేశీ బౌద్ధులు రావాలని దాన్ని కట్టారు, రానీ, సంతోషం. వాళ్ల కోసం పెద్ద హోటళ్లు వచ్చినా నాకు పేచీ లేదు. నేను అడిగేది పెద్దవూర రైతు కూతురి గురించి. నేరేడుచర్ల హమాలీ కొడుకు గురించి. వాళ్లకు ఒక రాత్రి దొరకాలి.

కుదరదని ఎవరైనా అంటే తిరుమల చూడమంటాను. అంత రద్దీలోనూ యాభై రూపాయల గది ఉంది. గది దొరకనివాడికి యాత్రికుల వసతి సముదాయంలో లాకరు, చాప ఉచితం. అక్కడ హుండీ ఉంది, ఇక్కడ ఏముంది అంటారు. ఇక్కడ ఎడమ కాలువ ఉంది. ఆ నీళ్ల మీద పండే ధాన్యం ఉంది, ఆ ధాన్యం ఆడించే మిల్లులున్నాయి, వాటి నుంచి సర్కారుకు ఏటా వెళ్లే పన్నులున్నాయి. మిర్యాలగూడ మిల్లర్లు తలుచుకుంటే ఒక సత్రం ఎంతసేపు? మా ముందు తరం షావుకార్లు రోడ్డుపొడుగునా సత్రాలు కట్టించారు. వాళ్ల దగ్గర ఇంతకన్నా ఎక్కువ డబ్బేమీ లేదు.

కొత్తగా కట్టాల్సిన పని కూడా లేదు. ప్రాజెక్టు కాలనీల్లో మనుషులు లేక పాడుబడుతున్న క్వార్టర్లు ఉన్నాయి. నాలుగింటిని బాగుచేసి, గోడకు వరసగా మంచాలు వేసి, మనిషికి ఇంత అని తీసుకోండి. గదికి ఇంత అనే లెక్క మానండి. సామాన్లు దాచుకునే చోటు పెట్టండి. లాంచి ఆగిన రోజున డబ్బు తిరిగి ఇవ్వండి. సూర్యాపేట, నల్లగొండ జిల్లాల సర్కారు బడుల్లో తొమ్మిదో తరగతి పిల్లలకు ఏడాదికొక రాత్రి ఉచితంగా ఇవ్వండి. తెల్లారి మొదటి లాంచి వాళ్లదే కావాలి, తిరుగు లాంచి మధ్యాహ్నం దాకా వాళ్ల కోసం ఆగాలి.

చదువుతున్న మీకు ఒక మాట. మీ ఊరి బడి హెడ్మాస్టరుతో, మీ ఎమ్మెల్యేతో ఈ సంగతి ఒకసారి మాట్లాడండి. చలికాలం విహారయాత్రలు మొదలయ్యేలోగా అడగండి. అప్పటిదాకా ఆగకుండా పిల్లల్ని తీసుకుని మీరే పోదామనుకుంటే, శుక్రవారం వద్దు. ఆ రోజు కొండ మీద మ్యూజియంకు సెలవు.