మేనత్తకు మైకివ్వండి

ఇంటర్వ్యూ అంటే ఏమిటో తెలుగు ఇళ్ళకు టీవీ వాళ్ళొచ్చి నేర్పలేదు. అంతకు ముందే పెళ్ళిచూపులున్నాయి.

అబ్బాయి తరఫువాళ్ళు సోఫాలో సర్దుకుని, పకోడీల ప్లేటు చేతిలోకి తీసుకునేలోపే అమ్మాయి మేనత్త మొదలుపెడుతుంది. "అమెరికాలో ఉద్యోగమన్నారు. హెచ్‌-1బీ వచ్చేసిందా బాబూ, ఇంకా ఓపీటీయేనా?" అబ్బాయి తండ్రి గొంతు సవరించుకుని, "మావాడి కంపెనీ మామూలుది కాదమ్మా, ఎన్ని దేశాల్లో ఉందంటే..." అని అందుకుంటాడు. "దేశాల సంగతి తర్వాత చూద్దాం అన్నయ్యగారూ, ముందు వీసా సంగతి చెప్పండి." గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడదు. అబ్బాయి ప్లేటు కిందపెట్టి, "ఓపీటీయే ఆంటీ" అంటాడు.

రెండే ప్రశ్నలు. మొదటిది ఎవరైనా అడుగుతారు. రెండోది అడగాలంటే, ఈ సంబంధం తప్పిపోయినా తన కొంపేం మునగదన్న ధీమా ఉండాలి. దేశాధినేతల ఎదుట మైకు పెట్టుకుని కూర్చునే మహానుభావులకు తరచూ కరువయ్యేది ఆ ధీమాయే.

2024 ఫిబ్రవరిలో అమెరికన్ టీవీ మాజీ యాంకర్ టకర్ కార్ల్‌సన్ క్రెమ్లిన్‌కు వెళ్ళి వ్లాదిమిర్ పుతిన్ ఎదురుగా కూర్చున్నారు. ఉక్రెయిన్ యుద్ధం మొదలై అప్పటికి రెండేళ్ళు కావస్తోంది. యుద్ధానికి ఎందుకు దిగాల్సొచ్చిందని అడిగారు. ముప్ఫై సెకన్లో, ఒక్క నిమిషమో ఇస్తే కాస్త చరిత్ర చెబుతానన్నారు పుతిన్. చెప్పడం 862లో మొదలుపెట్టారు. నోవ్‌గొరోద్‌ను ఏలడానికి రూరిక్ అనే దొరను పిలిపించుకున్న ఏడాది అది. అప్పటికి మన వేంగిలో గుణగ విజయాదిత్యుడు రాజ్యం చేస్తున్నాడు. నన్నయ గంటం పట్టడానికి ఇంకా దాదాపు రెండొందల ఏళ్ళుంది. అక్కణ్ణుంచి 988లో క్రైస్తవం పుచ్చుకోవడం, ఆపైన పోలండు, లిథువేనియా, పదిహేడో శతాబ్దపు కొసాక్కుల నాయకుడు బొహ్దాన్ ఖ్మెల్నిత్‌స్కీ రాసిన ఉత్తరాలు. ఆ ఉత్తరాల నకళ్ళు ఫోల్డరులో పెట్టి చేతికందించారు కూడా. అడిగిన ఒక్క నిమిషం అటూ ఇటుగా అరగంట నడిచింది. కార్ల్‌సన్ కనుబొమలు ముడేసుకుని విన్నారు. మధ్యలో అడ్డుపడబోయినా తొమ్మిదో శతాబ్దం ఆయన్ని పక్కకు నెట్టేసి ముందుకు సాగిపోయింది. మేనత్త అయితే రూరిక్ పేరు వినగానే "తాతల సంగతి తర్వాత" అనేది.

అసలు తమాషా ఆ తర్వాత జరిగింది. వారం తిరిగేసరికి పుతిన్ రష్యా టీవీలో పెదవి విరిచారు. పదునైన ప్రశ్నలొస్తాయని సిద్ధపడి కూర్చుంటే అవి రాలేదట, పూర్తి తృప్తి కలగలేదట. రష్యా అధ్యక్షుణ్ణి గట్టిగా నిలదీయలేదని బాధపడినవాళ్ళలో రష్యా అధ్యక్షుడూ ఉన్నారన్నమాట.

అందరూ ఊరికే మాట్లాడరు. 1977లో బ్రిటిష్ టీవీ యాంకర్ డేవిడ్ ఫ్రాస్ట్ ముందు నోరు విప్పడానికి అమెరికా మాజీ అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ 6 లక్షల డాలర్లూ, పైగా లాభాల్లో వాటా పుచ్చుకున్నారు. కన్యాశుల్కం మన దగ్గర పోయినా అమెరికాలో అప్పటికింకా బతికే ఉందనుకోవాలి. ఫ్రాస్ట్ మాత్రం ఇచ్చిన డబ్బు గిట్టుబాటయ్యేదాకా వదల్లేదు. అధ్యక్షుడు చేస్తే అది చట్టవిరుద్ధం కానట్టేనన్న మాట నిక్సన్ నోటితోనే పలికించారు.

రెండో ప్రశ్నేమిటి, పన్నెండోసారి కూడా అదే ప్రశ్న అడిగిన మనిషి ఉన్నారు. 1997 మే నెలలో, బీబీసీ 'న్యూస్‌నైట్' కార్యక్రమంలో జెరెమీ పాక్స్‌మన్ ఎదుట, అప్పుడే హోంమంత్రి పదవి దిగిన మైకేల్ హోవార్డ్ కూర్చున్నారు. జైళ్ళ శాఖ అధిపతి మాటను తోసిపుచ్చుతానని మీరు బెదిరించారా? అదీ ప్రశ్న. తనకు ఏ అధికారం ఉందో, ఏది లేదో హోవార్డ్ ఓపిగ్గా వివరించారు. బెదిరించారా? మళ్ళీ వివరణ. బెదిరించారా? బ్రిటన్‌లో విలేఖరుల తెగువకు ఆ కాసేపు ఒక కొలబద్దయి కూర్చుంది. కొన్నాళ్ళకు పాక్స్‌మనే గుట్టు విప్పారు. ఆ తర్వాత ప్రసారం కావాల్సిన వీడియో ఎడిటింగ్ ఇంకా పూర్తికాలేదు, కాసేపు సాగదీయమని చెవిలో చెప్పారు, అడగడానికి వేరే ప్రశ్న తట్టలేదు. టేపు వేళకు సిద్ధమై ఉంటే హోవార్డ్ హాయిగా ఇంటికి వెళ్ళి భోంచేసేవారు.

ఇంటర్వ్యూల్లో లేచిపోయేవాళ్ళూ ఉంటారు, కుర్చీలోంచే. 2007లో అహ్మదాబాద్‌లో కరణ్ థాపర్ 2002 అల్లర్ల ప్రస్తావన తెచ్చి, విచారం వ్యక్తం చేయొచ్చు కదా అన్న దారిలోకి వెళ్ళేసరికి, నాటి గుజరాత్ ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ మంచినీళ్ళడిగారు. తర్వాత మైకు తీసి పక్కన పెట్టారు. మూడు నిమిషాల్లో అంతా అయిపోయింది. ఆపైన టీ, మిఠాయి, ఢోక్లా పెట్టి మర్యాద చేశారని థాపరే తన పుస్తకంలో రాసుకున్నారు. సంబంధం కుదరకపోయినా టిఫినుకు లోటు రానివ్వకపోవడం మంచి ఇంటి లక్షణమే. 2019 ఏప్రిల్‌లో, సార్వత్రిక ఎన్నికల నడిమధ్యన, అదే మోదీ సినీనటుడు అక్షయ్ కుమార్‌కు గంటకు పైగా సమయమిచ్చారు. మామిడిపళ్ళు తింటారా, తింటే ఎలా తింటారు? ఈసారి మైకు ఉన్నచోటే ఉంది.

2020 అక్టోబరులో డొనాల్డ్ ట్రంప్ ఇంకో అడుగు ముందుకేశారు. అమెరికన్ టీవీ కార్యక్రమం '60 మినిట్స్' కోసం విలేఖరి లెస్లీ స్టాల్‌తో మాట్లాడుతూ మధ్యలో లేచి వెళ్ళారు. ఆ వీడియోను ఛానల్ కన్నా ముందు తానే ఫేస్‌బుక్‌లో పెట్టేశారు.

యుద్ధాలూ విప్లవాలూ ఎంత పెద్దవైనా మాట చివరికి బట్టల దగ్గరికే వస్తుంది. పెళ్ళిచూపులకు చీరా, చుడీదారా అని ముందు రోజు రాత్రి జరిగే రగడలాగే. 1979లో ఇటలీ విలేఖరి ఒరియానా ఫల్లాచీ ఇరాన్‌లోని కోమ్ నగరానికి వెళ్ళి, చాదర్ కప్పుకుని ఆయతొల్లా ఖొమేనీ ఎదుట కూర్చున్నారు. దీంతో ఈత ఎలా కొడతారని అడిగారు. మా ఆచారాలు మీకెందుకు, ఇష్టం లేకపోతే వేసుకోకండన్నది ఆయన జవాబు సారాంశం. ఎంతో దయ అంటూ ఆవిడ అక్కడికక్కడే దాన్ని తీసి పారేశారు. ఖొమేనీ లేచి వెళ్ళిపోయారు.

నలభై మూడేళ్ళు గడిచాయి. 2022 సెప్టెంబరులో, తలగుడ్డ సరిగ్గా కట్టుకోలేదని పట్టుకెళ్ళిన మహ్సా అమీనీ అనే యువతి పోలీసుల చెరలో చనిపోయి ఇరాన్ అట్టుడుకుతున్న రోజుల్లో, టీవీ విలేఖరి క్రిస్టియాన్ అమన్‌పూర్ న్యూయార్క్‌లో అధ్యక్షుడు ఇబ్రహీం రైసీ కోసం లైట్లన్నీ అమర్చుకుని ఎదురుచూశారు. అనుకున్న వేళ దాటి నలభై నిమిషాలయ్యాక సహాయకుడొకరొచ్చి తలగుడ్డ కట్టుకోమన్నారు. న్యూయార్క్‌లో అలాంటి చట్టమేదీ లేదని ఆవిడ ఒప్పుకోలేదు. రైసీ రాలేదు. ఖాళీ కుర్చీ ఎదుట తాను కూర్చున్న ఫొటోను ఆవిడ లోకానికి చూపించారు. తలగుడ్డ విషయంలో ఇరాన్ ప్రభుత్వం ఏమనుకుంటోందో అడుగుదామని వెళ్ళిన మనిషికి ప్రశ్న వెయ్యకుండానే జవాబు దొరికింది.

2025 ఫిబ్రవరి 28న ఓవల్ ఆఫీసులో ఉక్రెయిన్ అధ్యక్షుడు వొలొదిమిర్ జెలెన్‌స్కీకి ఎదురైన ప్రశ్నల్లో ఒకటి: సూటు ఎందుకు వేసుకోరు, అసలు మీకు సూటుందా? యుద్ధం అయిపోయాక వేసుకుంటానన్నారాయన, మీదానిలాంటిదో, ఇంకా మంచిదో, కాస్త చవకదో. ఆగస్టులో నల్లకోటుతో మళ్ళీ వచ్చేసరికి, అడిగిన విలేఖరే ఎంత బాగున్నారోనని మెచ్చుకున్నారు. కోటు సమస్య ఆరు నెలల్లో తీరిపోయింది. యుద్ధం ఆగలేదు.

ఇన్ని ఇంటర్వ్యూల్లోనూ అడిగినదానికి నిఖార్సైన జవాబు కావాలంటే 2006 మే 8కి వెళ్ళాలి. లండన్‌లో బీబీసీ రిసెప్షన్‌లో కాంగో నుంచి వచ్చిన గై గోమా కూర్చుని ఉన్నారు. కంప్యూటర్ డేటా విభాగంలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉందని వచ్చారు. అదే వేళకు గై క్యూనీ అనే టెక్నాలజీ విలేఖరి కూడా రావాల్సి ఉంది. యాపిల్ పేరు మీద కంప్యూటర్ కంపెనీకీ బీటిల్స్ వాళ్ళ సంస్థకీ నడిచిన వ్యాజ్యంలో ఆ రోజే తీర్పొచ్చింది; దాని గురించి మాట్లాడాలి. ప్రొడ్యూసర్ హడావుడిగా వచ్చి గైని వెంటబెట్టుకెళ్ళారు. కుర్చీ, మైకు, లైట్లు. యాంకర్ ఆయన్ని టెక్నాలజీ నిపుణుడని పరిచయం చేస్తుంటే గోమా కళ్ళు ఇంతింతయ్యాయి. ఈ తీర్పు మీకు ఆశ్చర్యం కలిగించిందా అని అడిగారు. చాలా ఆశ్చర్యంగా ఉందన్నారు గోమా. ఇలా జరుగుతుందనుకోలేదు, వచ్చినప్పుడు నాకు చెప్పింది వేరే అన్నారు.

యాంకర్ తదుపరి ప్రశ్నకు వెళ్ళిపోయారు. గోమా పాపం పెద్దమనిషి, డౌన్‌లోడ్ల భవిష్యత్తు మీద తోచింది చెప్పారు. అసలు క్యూనీ ఇంకో రిసెప్షన్‌లో కూర్చుని, తన పేరు మీద వేరెవరో మాట్లాడుతుండటం టీవీలో చూశారు. గోమా తర్వాత తను వచ్చిన ఇంటర్వ్యూకు కూడా హాజరయ్యారు. ఆ ఉద్యోగం రాలేదు.

బీబీసీ రిసెప్షన్‌లో ఆ రోజు మేనత్త ఉండుంటే గైని కుర్చీలోంచి లేవనిచ్చేది కాదు. "ఇంటిపేరేమిటి నాయనా?"